అందరికీ పనిచేసే ప్రోగ్రామ్ ఒక్కరికే మొరాయిస్తే ఏం చేయాలి?

బెంగళూరు చిక్‌పేటలో ఒక బట్టల హోల్‌సేల్ దుకాణానికి అప్పుడప్పుడూ కంప్యూటర్ పనులు చూసిపెడుతుంటాను. అక్కడ ఆరు కంప్యూటర్లున్నాయి. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాయించుకున్న బిల్లింగ్ ప్రోగ్రామ్ అన్నిట్లో నడుస్తుంది. బిల్లింగ్ చూసే అక్కది హిందూపురం. ఆగస్టు చివర్లో ఫోన్ చేసింది.

"తమ్ముడూ, డేటాబేస్ పాడైపోయింది. ఈ నెల రిపోర్టులో నా బిల్లులు చాలా కనపడట్లేదు."

"మిగతావాళ్లవి?"

"వాళ్లవన్నీ బానే ఉన్నాయి."

ఆ రెండో జవాబుతో నా టెన్షన్ సగం తగ్గింది. ఐదుగురికి బాగుండి ఒక్కరికే తేడా వస్తోందంటే అందరూ వాడే డేటా ఫైలును ముందే అనుమానించక్కర్లేదు. కంగారులో అందరిచేతా ప్రోగ్రామ్ మూయించి డేటా ఫైలుకు కాంపాక్ట్ అండ్ రిపేర్ (ఫైలును కుదించి, బాగుచేసే యాక్సెస్ సదుపాయం) చేయడం, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించడం నేను చాలాచోట్ల చూశాను. అలా చేస్తే వ్యాపారం ఆగుతుంది తప్ప కారణం దొరకదు.

మొదట అడగండి

"పనిచేయట్లేదు" అంటే సరిపోదు. ఏ స్క్రీన్‌లో, ఏ బటన్ నొక్కితే, ఏ మెసేజ్ వస్తోంది? మెసేజ్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పంపమనండి. ఎప్పటినుంచి, ఆ వారం ఏం మారింది అని కూడా అడగండి. "ఏమీ మార్చలేదు" అనే అంటారు. ఇంకోసారి అడగండి. అక్క కూడా రెండోసారి అడిగితేనే, జులై నెలాఖరులో కొత్త కంప్యూటర్ పెట్టారని చెప్పింది.

కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయించండి. షట్‌డౌన్ చాలదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా కొత్తగా మొదలవదు.

తర్వాత సీట్లు మార్చండి

అసలు పరీక్ష ఇదే. అక్కను పక్క కంప్యూటర్లో కూర్చోబెట్టి అదే పని చేయించండి. ఆమె కంప్యూటర్లో ఇంకొకరిని వాళ్ల సొంత లాగిన్‌తో కూర్చోబెట్టండి.

తేడా మనిషి వెంటే వెళ్తే అనుమతులు చూడండి. డేటా ఫైలున్న షేర్డ్ ఫోల్డర్లో ఎవరెవరు తెరిచారో గుర్తుపెట్టుకోవడానికి యాక్సెస్ ఒక లాక్ ఫైలు తయారు చేసుకుంటుంది. కాబట్టి ఫైలు తెరిచే హక్కు ఒక్కటే సరిపోదు, ఆ ఫోల్డర్లో కొత్త ఫైలు సృష్టించే హక్కూ ఉండాలి.

ఎవరు కూర్చున్నా ఆ కంప్యూటర్లోనే తేడా వస్తే, ప్రోగ్రామ్ కాపీ పాతదో పాడైనదో కావచ్చు. బాగా నడుస్తున్న కంప్యూటర్ నుంచి కాపీ తెచ్చి పెట్టి చూడండి. ఎవరి కాపీ వాళ్ల కంప్యూటర్లో ఉండాలి, డేటా ఫైలు మాత్రమే ఉమ్మడిగా ఉండాలి. అప్పటికీ కుదరకపోతే ఆల్ట్ ఎఫ్11 నొక్కి, టూల్స్‌లోని రిఫరెన్సెస్ (ప్రోగ్రామ్ వాడుకునే అదనపు ఫైళ్ల జాబితా) తెరవండి. 'మిస్సింగ్' అని ఒక్క లైను కనిపించినా, దానితో సంబంధం లేని చిన్న చిన్న ఫంక్షన్లు కూడా ఆగిపోవచ్చు. ఆఫీస్ 32 బిట్టా, 64 బిట్టా అన్నది మిగతావాటితో పోల్చండి. అదొక్కటే వైఫై మీద నడుస్తుంటే కేబుల్ వేయండి.

అక్క విషయంలో ఈ రెండూ కాదు. పక్క కంప్యూటర్లో ఆమెకు బాగానే వచ్చింది, ఆమె కంప్యూటర్లో ఇంకొకరికీ బాగానే వచ్చింది. ఆ కంప్యూటర్లో ఆమె లాగిన్‌తోనే తేడా. చాలామంది మర్చిపోయేది ఈ మూడో రకాన్నే. డిఫాల్ట్ ప్రింటర్, మ్యాప్ చేసిన డ్రైవ్ (షేర్డ్ ఫోల్డర్‌కు ఇచ్చిన డ్రైవ్ అక్షరం), యాక్సెస్ నమ్మే ఫోల్డర్ల జాబితా, తేదీ రాసే పద్ధతి, ఇవన్నీ విండోస్‌లో లాగిన్‌ను బట్టి మారతాయి.

ఇక్కడ దొంగ తేదీ. కొత్త కంప్యూటర్లో ఆమె లాగిన్‌కు రీజియన్ అమెరికా అని ఉంది. అక్కడి పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత. అక్క 05/08 అని కొడితే అది మే 8గా నమోదైంది. 12/08 బిల్లు ఏకంగా డిసెంబరుకు పోయింది! పదమూడో నెల లేదు కాబట్టి 13/08 నుంచి మాత్రం అన్నీ సరిగ్గా పడ్డాయి. ఫారంలో తేదీ మళ్లీ అంకెల్లోనే, రోజు ముందు, నెల తర్వాత కనిపిస్తుంది. 05/08 కొడితే 08/05 అయిందన్నది హడావుడిలో ఎవరి కంటా పడలేదు.

సరిచేయడం

కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ తెరిచి, ఫార్మాట్‌ను ఇంగ్లిష్ (ఇండియా)కు మార్చి, యాక్సెస్‌ను మూసి తెరవాలి. దీంతో కొత్త బిల్లులు సరిగ్గా పడతాయి కానీ పాతవి వాటంతట అవి మారవు. ముందు డేటా ఫైలుకు బ్యాకప్ తీశాను. అక్క లాగిన్‌లో, కొత్త కంప్యూటర్ వచ్చాక, ఒకటి నుంచి పన్నెండో తేదీ దాకా కొట్టిన బిల్లులన్నీ కాగితం కాపీలతో పోల్చి ఒక్కొక్కటే దిద్దాం. 08/08 బిల్లులు ఒక్కటే దిద్దక్కర్లేకుండా బయటపడ్డాయి. ఆ పనికి సాయంత్రం దాటింది.

వచ్చేముందు ఫారంలో తేదీ 05-ఆగస్టు అన్నట్టు నెల పేరుతో కనిపించేలా మార్చాను. ఇకమీదట తేడా పడితే బిల్లు సేవ్ చేసేముందే అక్క కంట్లో పడుతుంది.