కెనడా పీఆర్ దరఖాస్తు: లాయర్ ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు

కడపలో కెనడా పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు) మాట ఎత్తితే చాలు, "ఎవరి దగ్గర కట్టారు?" అని అడుగుతారు. ఎవరికో ఒకరికి కట్టందే పని కాదని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. ఎవరి దరఖాస్తు వాళ్లే ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. లాయర్‌ను పెట్టుకున్నంత మాత్రాన ఫైల్ త్వరగా కదలదు, పాయింట్లూ పెరగవు. కానీ కొన్ని ఫైళ్లను లాయర్‌కు చూపించకుండా పంపకూడదు.

ముందు విధానం చూద్దాం. ఉద్యోగ అనుభవంతో వెళ్లేవారికి ప్రధాన దారి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ. ఐఈఎల్‌టీఎస్ జనరల్ లాంటి భాషా పరీక్ష రాయాలి. ఆ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. మన డిగ్రీ అక్కడి ఏ చదువుకు సమానమో చెప్పే ఈసీఏ రిపోర్టు తెప్పించుకోవాలి. ఆ తర్వాత ప్రొఫైల్ పెడితే వయసు, చదువు, భాష, అనుభవాన్ని బట్టి పాయింట్లు వేస్తారు. ఆ పాయింట్లను బట్టి దరఖాస్తు పెట్టమని కెనడా నుంచి ఆహ్వానం వస్తే 60 రోజుల్లో పూర్తి దరఖాస్తు పంపాలి. 2025 ఆగస్టు 21 నుంచి మెడికల్ పరీక్ష కూడా దరఖాస్తు పంపేముందే చేయించుకోవాలి. అది హైదరాబాద్, బెంగళూరు, చెన్నై లాంటి ఊళ్లలో కెనడా గుర్తించిన డాక్టర్ల దగ్గరే చెల్లుతుంది.

60 రోజులు ఎక్కువే అనిపిస్తుంది గానీ, కాగితాల వేట ఆహ్వానం వచ్చాక మొదలుపెడితే చాలవు. గత పదేళ్లలో ఏ దేశంలోనైనా వరుసగా ఆరు నెలలు ఉంటే అక్కడి పోలీస్ సర్టిఫికెట్ కావాలి. కువైట్‌లో పనిచేసి వచ్చినవాళ్లు మన జిల్లాలో ఎందరో. వాళ్లు దీన్ని అందరికన్నా ముందు మొదలుపెట్టాలి. అనుభవ పత్రంలో హోదా, తేదీలు ఉంటే సరిపోదు. చేసిన పనులు, వారానికి గంటలు, జీతం కూడా కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. అక్కడ స్థిరపడటానికి సరిపడా నిధులు చూపించాల్సినవారు అప్పు తెచ్చి అకౌంట్‌లో వేస్తే ఒప్పుకోరు. ఇల్లు, పొలం విలువ కూడా లెక్కలోకి రాదు. బ్యాంకు లేఖలో ఆరు నెలల సగటు నిల్వ కనిపించాలి.

ఇక పేర్లు. మా తమ్ముడి కాగితాలన్నీ మంచం మీద పరిచి చూసుకున్నాం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం. డిగ్రీలో అదే అక్షరం పేరు చివర. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా. ముగ్గురు వేరువేరు మనుషుల్లా ఉన్నారు. టెన్షన్ పడ్డాం గానీ, నోటరీ అఫిడవిట్, ఒక పేజీ వివరణ లేఖ జత చేస్తే సరిపోయింది. ఇలాంటి వాటికి లాయర్ అక్కర్లేదు.

అంతకుముందు మేమూ ఒక కన్సల్టెంట్‌కి డబ్బు కట్టినవాళ్లమే. ప్రొఫైల్ తన ఈమెయిల్‌తో పెట్టాడు, పాస్‌వర్డ్ ఇవ్వలేదు. ఆహ్వానం వచ్చిందని మాకు తెలిసేసరికి 12 రోజులు గడిచిపోయాయి. తర్వాతే అసలు నియమం తెలిసింది. ఫీజు తీసుకుని కెనడా దరఖాస్తు చూడాలంటే ఆ మనిషి అక్కడి లా సొసైటీలో (లాయర్లకు గుర్తింపు ఇచ్చే సంస్థ) సభ్యుడైన లాయరో, లైసెన్సున్న ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంటో అయి ఉండాలి. ఇద్దరి పేర్లూ ఆయా సంస్థల వెబ్‌సైట్లలో వెతికి చూసుకోవచ్చు. ప్రతినిధిగా ఐఎంఎం 5476 ఫారంలో తన పేరు రాయడానికి వెనకాడేవాడికి రూపాయి కూడా కట్టకండి.

లాయర్ తప్పనిసరి అని నేను చెప్పేది వీళ్లకి: గతంలో ఏ దేశపు వీసా అయినా తిరస్కరణకు గురై, ఆ విషయం తర్వాతి ఫారంలో రాయనివాళ్లు. పోలీసు కేసు ఉన్నవాళ్లు. 498ఏ (భార్యను వేధించారనే) కేసు రాజీ అయిపోయింది కదా అని వదిలేయకూడదు, అదీ చెప్పాల్సిందే. విడాకులు, పిల్లల కస్టడీ తేలనివాళ్లు. మీతో రాని బిడ్డ పేరు కూడా ఫారంలో ఉండాలి, లేకపోతే రేపు ఆ బిడ్డను స్పాన్సర్ చేసి అక్కడికి పిలిపించుకోవడమే కష్టమవుతుంది. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే ఐదేళ్లు నిషేధం. దరఖాస్తు పంపే ముందే లాయర్‌ను కలవండి. తిరస్కరించాక ఫెడరల్ కోర్టుకు వెళ్లాలంటే, కెనడా బయట తీసుకున్న నిర్ణయానికి 60 రోజులు, లోపల తీసుకున్నదానికి 15 రోజులే గడువు.

ఫైల్ మొత్తం అప్పగించే స్తోమత లేకపోతే, సందేహం ఉన్న విషయం ఒక్కదాని మీదే ఫీజు కట్టి వీడియో కాల్‌లో గంట మాట్లాడండి. ఎఫ్ఐఆర్, కోర్టు ఉత్తర్వు, పాత తిరస్కరణ లేఖ ముందే స్కాన్ చేసి పంపండి. ఫైల్ అప్పగిస్తే మాత్రం ఏ పనికి ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. పంపిన ప్రతి ఫారం కాపీ అడిగి దగ్గర పెట్టుకోండి.