బెంగళూరులో ఉండి అమెరికా కాలేజీ ప్లేస్‌మెంట్ టెస్ట్ రాయాలంటే: అక్యూప్లేసర్ దరఖాస్తు విధానం

అమెరికా కమ్యూనిటీ కాలేజీలో సీటు వచ్చిందన్న మెయిల్ చూసి ఇంటిల్లిపాదీ సంబరపడతారు. ఆ తర్వాత ఇంకో మెయిల్ వస్తుంది, ఏ స్థాయి కోర్సులో వేయాలో తేల్చే ప్లేస్‌మెంట్ టెస్ట్ రాయమని. మారతహళ్ళి, కేఆర్ పురం వైపు మనవాళ్ల పిల్లలు దీన్ని తేలిగ్గా తీసుకోవడం చూశాను. "సీటు వచ్చేసింది, ఇందులో ఫెయిల్ అనేదే లేదు కదా" అంటారు. ఫెయిల్ లేని మాట నిజమే. కానీ స్కోరు తగ్గితే పీయూసీలోనో అంతకు ముందో చదివేసిన లెక్కలనే డెవలప్‌మెంటల్ కోర్సు పేరుతో మళ్లీ చదివిస్తారు. దానికీ ఫీజు కట్టాలి, సాధారణంగా డిగ్రీ క్రెడిట్లలో అది కలవదు. ఆ ఫీజును ఒక్కసారి రూపాయల్లోకి మార్చి చూడండి, ఈ పరీక్షకు నెల రోజులు ఎందుకు చదవాలో అర్థమవుతుంది.

చాలా కాలేజీలు వాడేది శాట్ పరీక్ష నడిపే కాలేజ్ బోర్డ్ వాళ్ల అక్యూప్లేసర్. దీనికి మన ఎంట్రన్స్ పరీక్షల్లాగా నోటిఫికేషన్, అందరికీ ఒకే తేదీ ఉండవు. దరఖాస్తు నేరుగా మీ కాలేజీ టెస్టింగ్ సెంటర్‌కే పెట్టుకోవాలి. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అసలు ఈ టెస్ట్ మీకు అవసరమా? శాట్, టోఫెల్ లాంటి స్కోర్లు చూసి మినహాయింపు ఇచ్చే కాలేజీలు ఉన్నాయి. కాలిఫోర్నియాలో 2017 నాటి ఏబీ 705 చట్టం తర్వాత కమ్యూనిటీ కాలేజీలు ముఖ్యంగా హైస్కూల్ మార్కులనే చూస్తున్నాయి. మినహాయింపు దొరికితే టెస్ట్ బాధే ఉండదు, కాబట్టి మొదటి మెయిల్ దానికోసమే రాయండి.

రాయక తప్పదంటే మీ స్టూడెంట్ నంబర్ వేసి, ఇండియా నుంచి రిమోట్‌గా రాస్తానని టెస్టింగ్ సెంటర్‌కు చెప్పాలి. ఏయే విభాగాలు రాయాలో కాలేజీయే నిర్ణయించి వోచర్, అంటే పరీక్ష బుక్ చేసుకునే కోడ్, పంపుతుంది. దాంతో ఆన్‌లైన్‌లో నిఘా పెట్టే కంపెనీ సైట్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. ఫీజు కాలేజీని బట్టి ఉంటుంది. కార్డుతో కట్టేముందు బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి ఉందో లేదో చూసుకోండి.

పేరు దగ్గరే పేచీ

మన తెలుగువాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. టెన్త్ మార్క్స్ కార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో అదే పూర్తిగా ఉంటుంది, లేదా సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది. కాలేజీ దరఖాస్తులో పిల్లవాడు తొందర్లో తనకు తోచినట్టు నింపేస్తాడు. పరీక్ష రోజు కెమెరాకు చూపించే ఐడీలో పేరు, రిజిస్ట్రేషన్‌లో పేరు కలవాలి. కలవకపోతే పరీక్ష మొదలే కాకపోవచ్చు. అందుకని వోచర్ అడగకముందే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, కాలేజీ రికార్డులో పేరు అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే అడ్మిషన్స్ ఆఫీసుకు పాస్‌పోర్టు కాపీ పంపి సరిచేయించుకోండి. ఈ ఒక్క పని ముందే ముగించినవాళ్లకు మిగతా ప్రాసెస్ అంతా నల్లేరు మీద నడకే.

టైమ్ దగ్గర కూడా పొరపాటు పడతారు. న్యూయార్క్ వైపు కాలేజీలో ఉదయం 10 గంటల స్లాట్ అంటే మనకు వేసవిలో రాత్రి 7:30, చలికాలంలో 8:30. వాళ్లు గడియారం మారుస్తారు, మనం మార్చం. బుక్ చేసేటప్పుడు స్క్రీన్ మీద ఏ టైమ్ జోన్ ఉందో చూడండి.

మా అక్క కొడుకు రాసిన రాత్రి నేను పక్క గదిలోనే ఉన్నాను. లాప్‌టాప్ ఎత్తి నాలుగు గోడలూ, మంచం కిందా, టేబుల్ కిందా చూపించమన్నారు. బీరువా తలుపు మీద వాడు ఎప్పుడో అతికించిన ట్రిగొనామెట్రీ ఫార్ములాల కాగితం కెమెరాలో పడింది. దాన్ని పీకేయమన్నారు. సెలోటేప్ రాక, గోళ్లతో గీకుతూ ఆ ఐదు నిమిషాలు వాడు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. పీజీ హాస్టల్లో ఉండేవాళ్లు ఆ పూట రూమ్మేట్ లోపలికి రాని గది చూసుకోవాలి. వైఫై రూటర్‌కు యూపీఎస్ తప్పనిసరి, వానాకాలం సాయంత్రాల్లో మన ఊళ్లో కరెంటు సంగతి తెలిసిందే.

టైమ్ లిమిట్ లేదు, వెనక్కి పోవడమూ లేదు

ఈ పరీక్ష కంప్యూటర్ అడాప్టివ్. మీ జవాబులను బట్టే తర్వాతి ప్రశ్న ఎంత కష్టంగా ఉండాలో నిర్ణయమవుతుంది. సరిగ్గా చేస్తూ పోతే ప్రశ్నలు ముదురుతాయి. "చివర్లో ఒక్కటీ రాలేదు, పోయింది" అని ఏడవాల్సిన పని లేదు. కష్టమైనవి వస్తున్నాయంటే అంతవరకూ బాగా చేస్తున్నారని అర్థం.

లెక్కల్లో మూడు టెస్టులు ఉన్నాయి: అరిథ్‌మెటిక్ ఒకటి; క్వాంటిటేటివ్ రీజనింగ్, ఆల్జీబ్రా, స్టాటిస్టిక్స్ కలిపి ఒకటి; అడ్వాన్స్‌డ్ ఆల్జీబ్రా, ఫంక్షన్స్ కలిపి ఒకటి. ఒక్కోదాంట్లో 20 ప్రశ్నలే. రీడింగ్‌లో 20, రైటింగ్‌లో 25. స్కోరు 200 నుంచి 300 మధ్య వస్తుంది. టైమ్ లిమిట్ లేదు.

మన పిల్లలు తడబడేది సిలబస్‌లో కాదు, అలవాటులో. ఎంసెట్‌కు (ఇప్పటి పేరు ఈఏపీసెట్) 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, కర్ణాటక కేసెట్‌కు 80 నిమిషాల్లో 60 ప్రశ్నలు అన్న లెక్కలో తర్ఫీదు పొందిన చేతులు ఇవి. రానిది వదిలేసి చివర్లో మళ్లీ చూద్దాం అనుకుంటారు. ఇక్కడ ప్రశ్న వదిలేసి ముందుకు పోవడం కుదరదు, సబ్మిట్ చేశాక వెనక్కి రావడమూ కుదరదు. ఉన్నవి 20 ప్రశ్నలే కాబట్టి తొందరలో చేసిన ఒక్క కూడిక తప్పు కూడా స్కోరును కిందికి లాగుతుంది. అందుకే ప్రాక్టీస్‌లో గడియారం పక్కన పెట్టండి. ఒక లెక్క చేసి, జవాబును మళ్లీ లెక్కలో వేసి చూసి, అప్పుడే తర్వాతి దానికి వెళ్లండి. వారం రోజులు ఇలా చేస్తే చెయ్యి నెమ్మదిస్తుంది. కాలేజ్ బోర్డ్ సైట్‌లో ప్రాక్టీస్ టెస్టులు ఉచితంగానే ఉన్నాయి, డబ్బు పోసి కోచింగ్ అక్కర్లేదని నా అభిప్రాయం.

సొంత కాలిక్యులేటర్ వాడనివ్వరు. అవసరమైన ప్రశ్నలకు స్క్రీన్ మీదే వస్తుంది. భిన్నాలు, శాతాలు చేత్తో చేయడం మళ్లీ అలవాటు చేసుకోండి. రఫ్ కాగితం ఉండొచ్చా అన్నది కాలేజీని ముందే అడగండి.

రైట్‌ప్లేసర్ అనే వ్యాసం కూడా రాయమంటే 300 నుంచి 600 మాటలు టైప్ చేయాలి, 1 నుంచి 8 వరకు స్కోరు ఇస్తారు. ఫోన్ మీద బొటనవేళ్లతో టైప్ చేసే పిల్లలు కీబోర్డు మీద రోజుకొక పేజీ కొట్టడం నేర్చుకోవాలి.

మల్టిపుల్ చాయిస్ స్కోర్లు సాధారణంగా ముగించగానే వచ్చేస్తాయి. రిపోర్ట్ సేవ్ చేసుకుని అడ్వైజర్‌కు పంపండి. మళ్లీ రాయడానికి ఎన్నిసార్లు, ఎన్ని రోజుల తర్వాత అవకాశం ఇస్తారన్నది ఒక్కో కాలేజీకి ఒక్కోలా ఉంటుంది. ఆ రూలు మొదటిసారి రాయకముందే మెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకుని పెట్టుకోండి.