సోడా తాగితే లావెక్కుతామా?

బరువు తగ్గే పనిలో ఉన్నవాళ్లు సోడా మానేయక్కర్లేదు. ఉత్త సోడా అంటే నీళ్లలో ఒత్తిడితో కరిగించిన కార్బన్ డయాక్సైడ్, అంతే. కేలరీలు సున్నా. అది కొవ్వును కరిగించదు, పెంచదు కూడా. కాకపోతే కూల్‌డ్రింక్ బదులు తాగితే లాభం బాగానే ఉంటుంది: 330 మి.లీ. కోలా డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర, అంటే దాదాపు 140 కేలరీలు.

అసలు మోసం లేబుల్ దగ్గరే. టానిక్ వాటర్ చూడ్డానికి అచ్చం సోడాలాగే ఉంటుంది, చేదుగా ఉంటుంది కాబట్టి చక్కెర లేదనుకుంటాం. మామూలు రకాల్లో బోలెడంత ఉంటుంది! ఫ్లేవర్ కలిపినవైతే వెనక 'చక్కెర' అంకె చూశాకే కొనండి.

గ్యాస్ వల్ల కాసేపు కడుపు నిండినట్టు అనిపిస్తుంది, కొందరికి ఉబ్బరంగానూ ఉంటుంది. అది కొవ్వు కాదు. తాగిన వెంటనే మాత్రం టేపుతో నడుము కొలుచుకోకండి, ఊరికే దిగులు. గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్‌ను గ్యాస్ పెంచుతుందని కొన్ని చిన్న పరిశోధనలు అన్నాయి గానీ, అంతమాత్రాన బరువు పెరుగుతుందని తేలలేదు. సోడా తాగాక మీకు ఆకలి ఎక్కువవుతోందనిపిస్తే భోజనం దగ్గర మామూలు నీళ్లే తాగండి. ఎసిడిటీ ఉన్నవాళ్లూ అంతే.