గర్భిణులు, పాలిచ్చే తల్లులు సన్‌స్క్రీన్ ఎలా ఎంచుకోవాలి, ఎలా రాసుకోవాలి?

రొమ్ములోని పాలగ్రంథి పుట్టుకతోనే పూర్తిగా తయారై ఉండదు. యుక్తవయసులో ఈస్ట్రోజన్ వల్ల నాళాలు సాగుతాయి, ప్రొజెస్టిరాన్ వల్ల కొమ్మలు వేస్తాయి. గర్భం దాల్చాక ప్రొలాక్టిన్ కూడా తోడై పాలు తయారయ్యే సంచులు ఏర్పడతాయి. సన్‌స్క్రీన్లలోని కొన్ని రసాయనాలు ఈ హార్మోన్ల పనిలో వేలు పెట్టగలవు. ఎక్కువ అనుమానం ఆక్సీబెంజోన్ మీదే. చూడితో ఉన్న, పాలిచ్చే ఎలుకలకు దాన్ని తినిపిస్తే పాలగ్రంథి నిర్మాణం మారింది. మనుషుల్లోనూ ఇలాగే జరుగుతుందని రుజువు కాలేదు. అయితే చర్మం గుండా అది రక్తంలో కలుస్తుందన్నది ఖాయం. 2019లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 24 మందికి 4 రోజులపాటు, రోజుకు 4 సార్లు సన్‌స్క్రీన్ రాయించి చూసింది. మిల్లీలీటరు రక్తద్రవంలో 0.5 నానోగ్రాములు దాటితే ఆ రసాయనానికి భద్రతా పరీక్షలు కావాలన్నది ఆ సంస్థ నియమం. ఆక్సీబెంజోన్ 150 నానోగ్రాములు కూడా దాటిపోయింది. తల్లిపాలలోనూ ఇది కనిపించింది.

అలాగని సన్‌స్క్రీన్ మానేసి ఎండలో మాడనక్కర్లేదు. ఇలా చేయండి.

1. ముందు బట్ట. పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ వేసుకుంటే రాసుకోవాల్సిన చోటే తగ్గిపోతుంది. ఛాతీకి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

2. సీసా వెనక్కి తిప్పి చదవండి. ఆక్సీబెంజోన్ చాలాసార్లు ‘బెంజోఫినోన్-3’ అనే పేరుతో ఉంటుంది. ఆక్టినాక్సేట్‌కు మారుపేరు ‘ఇథైల్‌హెక్సిల్ మెథాక్సీసినమేట్’. ఈ రెండూ, హోమోసలేట్, 4-మిథైల్‌బెంజిలిడీన్ కాంఫర్ ఉంటే పక్కన పెట్టేయండి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ మాత్రమే ఎండను అడ్డుకునే వడపోత పదార్థాలుగా ఉన్నది, ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30కి తగ్గనిది తీసుకోండి. ముందువైపు ‘మినరల్’ అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. కొన్నింటిలో ఎస్‌పీఎఫ్ పెంచడానికి బ్యూటైల్‌ఆక్టైల్ సాలిసిలేట్ అనే రసాయనం కలుపుతారు, అది వడపోత పదార్థాల్లో కాక మామూలు పదార్థాల జాబితాలో ఎక్కడో కింద ఉంటుంది. లిప్‌బామ్, నెయిల్ పాలిష్ లేబుళ్లు కూడా చూడాలి.

3. మోతాదు తగ్గించొద్దు. ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత, ఒళ్లంతా అయితే 30 మిల్లీలీటర్లు. సగమే రాస్తే సీసా మీది ఎస్‌పీఎఫ్ దక్కదు.

4. జింక్‌తో చిక్కు ఇక్కడే. మాయిశ్చరైజర్ ఆరకముందే దాని మీద రాస్తే ఉండలు కడుతుంది, తెల్లటి చారలు మిగులుతాయి. ఐదు నిమిషాలు ఆగి, చుక్కలుగా పెట్టి, వేళ్లతో అద్దుతూ పరవండి. గట్టిగా రుద్దితే పొర అక్కడక్కడా చెదిరిపోయి, ఆ చోట్లే చర్మం కమిలిపోతుంది. 2 గంటలకోసారి, చెమట తుడుచుకున్న ప్రతిసారీ మళ్లీ రాయాలి. స్ప్రేలు, పౌడర్లు వద్దు, ఆ రేణువులు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

5. ఇంటికి రాగానే కడిగేయండి. జింక్ ఉత్త నీళ్లకు పోదు, ముందు కాస్త నూనె రాసి ఆపైన సబ్బు వాడాలి. రొమ్ము మీద రాసుకుని ఉంటే, బిడ్డకు పాలిచ్చే ముందే కడుక్కోవాలి. 6 నెలలు నిండని బిడ్డకు సన్‌స్క్రీన్ వద్దు, నీడ చాలు.

6. పాత సీసాలు పారేయండి. ఆక్టోక్రిలీన్ అనే వడపోత రసాయనం ఉన్నవైతే మరీను. నిల్వ ఉండేకొద్దీ అందులోంచి బెంజోఫినోన్ పుడుతుంది. ఇది పైన చెప్పిన బెంజోఫినోన్-3 కాదు, క్యాన్సర్ తెస్తుందని అనుమానమున్న వేరే రసాయనం.