పిల్లలతో హైదరాబాద్ షిఫ్ట్ అవుతుంటే ఏరియా ఎలా చూస్కోవాలి

మార్చి వచ్చిందంటే చాలు, బెంగళూరు నుంచో పూణె నుంచో విజయవాడ నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, "ఆఫీస్ రాయదుర్గంలో, పిల్లలిద్దరు, ఎక్కడ దిగమంటావ్" అని. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒక్కచోట రాసి పెడుతున్నా. అద్దెకి దిగేవాళ్ళకే ఇది, కొనేవాళ్ళ లెక్కలు వేరు.

మామూలుగా అందరూ ఏం చేస్తారంటే ఆఫీస్‌కి దగ్గర్లో ఫ్లాట్ చూస్తారు, నచ్చితే అడ్వాన్స్ ఇచ్చేస్తారు, ఆ తర్వాత తీరిగ్గా స్కూల్ వెతుకుతారు. నేనైతే తిరగేసి చెయ్యమంటా. ఆఫీస్‌కి ఇప్పుడు చాలామంది వెళ్ళేది వారానికి మూడు రోజులు, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా క్యాబ్‌లో కూర్చుని కాల్ అటెండ్ అయిపోవచ్చు. యూకేజీ పిల్ల మాత్రం వారానికి ఐదారు రోజులు బస్సెక్కాలి, పొద్దున నిద్రకళ్ళతో ఎక్కి మధ్యాహ్నం ఆకలితో దిగాలి, దానికి హైబ్రిడ్ ఆప్షన్ లేదు కదా. అందుకని ముందు స్కూల్, దాని చుట్టూ ఇల్లు, ఆ తర్వాత ఆఫీస్ దారి. ఇదే ఆర్డర్.

అయితే స్కూల్ కన్నా ముందు ఇంకోటి తేల్చుకోవాలి, పిల్లలు ఏ క్లాస్‌లో ఉన్నారనేది. నర్సరీ నుంచి ఐదు లోపైతే పెద్ద టెన్షన్ లేదు, ఎక్కడైనా సీటు దొరుకుతుంది, ఎక్కడైనా అలవాటు పడతారు. ఒకటో క్లాస్‌కి వయసు రూల్ మాత్రం ఒక్కో స్కూల్ ఒక్కోలా చెప్తుంది, కేంద్రీయ విద్యాలయంలో అయితే మార్చి 31 నాటికి 6 ఏళ్ళు నిండాల్సిందే, అక్కడ ఫస్ట్ ప్రయారిటీ కూడా ట్రాన్స్‌ఫర్లయ్యే సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగుల పిల్లలకే కాబట్టి మిగతావాళ్ళు దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోకండి.

ఆరు నుంచి ఎనిమిది మధ్యలో ఉంటే తెలుగు గురించి అడగండి. తెలంగాణలో 2018లో చట్టం వచ్చింది, సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ సహా అన్ని స్కూళ్ళలో తెలుగు తప్పనిసరి అని. బెంగళూరులో కన్నడ, హిందీ చదివిన పిల్లాడు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ గుణింతాలు రావు, వాడిని తీసుకొచ్చి ఏడో క్లాస్‌లో పద్యాల ముందు కూర్చోబెడితే పాపం బెదిరిపోతాడు. కొత్తగా తెలుగు మొదలుపెట్టే పిల్లల కోసం వెన్నెల అని సులువు వాచకం ఉంది. అది చెప్తున్నారా, బయటి నుంచి వచ్చిన పిల్లలకి విడిగా క్లాస్ ఏమైనా ఉందా అని కచ్చితంగా కనుక్కోండి.

ఇక అసలు కథ తొమ్మిదో క్లాస్ దగ్గర. సీబీఎస్‌ఈలో తొమ్మిదిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ అయిపోతుంది, పదిలో స్కూల్ మారాలంటే పేరెంట్ ట్రాన్స్‌ఫర్ లాంటి కారణం, దానికి కాగితాలు, బోర్డు పర్మిషన్, ఇంత తతంగం ఉంటుంది. దానికి తోడు మనకి లోకల్, నాన్ లోకల్ గొడవ, అంటే కాలేజీ సీట్లలో ఇక్కడి పిల్లలకి ఉండే కోటా సంగతి. ఎంబీబీఎస్ సీట్లలో తెలంగాణ లోకల్ అవ్వాలంటే 9 నుంచి ఇంటర్ సెకండియర్ దాకా వరుసగా నాలుగేళ్ళు ఇక్కడే చదివి ఉండాలని 2024లో రూల్ తెచ్చారు, 2025లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. కాబట్టి విజయవాడ, వైజాగ్ నుంచి వచ్చేవాళ్ళు పిల్ల తొమ్మిదిలోకి వచ్చేలోపు ఒక నిర్ణయానికి రండి, ఈ నాలుగేళ్ళు ఇక్కడా అక్కడా అని. సగం అక్కడ సగం ఇక్కడ చదివిస్తే రెండు చోట్లా లోకల్ కష్టమే. మా బంధువుల్లో ఒకాయన పెద్దమ్మాయి ఇంటర్ అయ్యేదాకా ఫ్యామిలీని గుంటూరులోనే ఉంచి తనొక్కడే హాస్టల్‌లో ఉన్నాడు, అందరూ నవ్వారు గానీ నాకైతే కరెక్టే అనిపించింది. ఏ క్లాస్‌లో ఉన్నా సరే పాత స్కూల్ నుంచి టీసీతో పాటు చదివిన అన్ని క్లాసులకీ బోనఫైడ్ తీసుకునే బయల్దేరండి. పదేళ్ళ తర్వాత ఆ కాగితం కోసం ఊరు వెళ్తే ఆ స్కూల్ ఉంటుందో ఉండదో.

ఏరియాల విషయానికొస్తే, సిటీకి పడమర ఐటీ ఆఫీసులుండే రాయదుర్గం, గచ్చిబౌలిలో ఆఫీస్ అనగానే అందరూ కొండాపూర్, మణికొండ, నార్సింగి, కోకాపేట చుట్టూనే తిరుగుతారు. పేరున్న స్కూళ్ళకి కొదవ లేదు, కొండాపూర్‌లో చిరెక్, గచ్చిబౌలి వైపు ఓక్‌రిడ్జ్ లాంటివి ఉన్నాయి, కానీ అద్దెలు, ఫీజులు రెండూ కలిపి గూబ గుయ్యిమంటాయి. నల్లగండ్ల, తెల్లాపూర్ కొంచెం నయం, మంథన్, గ్లెండేల్ లాంటి స్కూళ్ళు అటే ఉన్నాయి, గేటెడ్ కమ్యూనిటీలు ఎక్కువ కాబట్టి సాయంత్రం పిల్లలకి ఆడుకునే జతలు దొరుకుతాయి, లింగంపల్లి ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్ కూడా దగ్గర. బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగర్ అయితే చదువుల అడ్డా, సిల్వర్ ఓక్స్, కెన్నెడీ లాంటి స్కూళ్ళు ఒకవైపు, కార్పొరేట్ కాలేజీల క్యాంపస్‌లు ఇంకోవైపు, పిల్లలు ఇంటర్‌కి దగ్గరపడుతున్నవాళ్ళు అందుకే అటు వెళ్తారు. కాకపోతే అక్కడ్నించి పొద్దున ఆఫీస్ దారి ఒక పరీక్షే, వానొస్తే రెండు పరీక్షలు.

ఎవరూ పట్టించుకోని ఆప్షన్ ఒకటుంది, సిటీకి అవతలి వైపు. మెట్రో బ్లూ లైన్ నాగోల్‌లో మొదలై ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక, సికింద్రాబాద్, అమీర్‌పేట మీదుగా నేరుగా రాయదుర్గం వెళ్తుంది, ఎక్కడా మారక్కర్లేదు. దూరమే, కాదనను, కానీ కూర్చుని వెళ్తారు, ఎంత టైమ్ పడుతుందో ముందే తెలుస్తుంది. ఇక స్కూళ్ళంటారా, ఆ చుట్టుపక్కల పాతవి, నిలబడినవి చాలా ఉన్నాయి, హబ్సిగూడలో జాన్సన్ గ్రామర్, తార్నాకలో సెయింట్ ఆన్స్, ఉప్పల్‌లో లిటిల్ ఫ్లవర్, రామంతాపూర్‌లో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్, నాచారంలో డీపీఎస్. పాత కాలనీలు కాబట్టి చెట్లుంటాయి, నడిచి వెళ్ళే దూరంలో కూరగాయలు, పిల్లల డాక్టరు, టైలరు అన్నీ దొరుకుతాయి. గేటెడ్ కమ్యూనిటీ, స్విమ్మింగ్ పూల్ లేకపోతే కుదరదు అనుకుంటే వేరు, లేదంటే నా ఓటు ఇటే. సైనిక్‌పురి కూడా పిల్లలతో ఉండటానికి ప్రశాంతంగా ఉంటుంది, భవన్స్ అక్కడే, కానీ మెట్రో లేదు కాబట్టి వెస్ట్‌లో ఆఫీస్ ఉన్నవాళ్ళకి చెప్పను.

రెండు మూడు ఏరియాలు అనుకున్నాక ఆదివారం సాయంత్రం కారేసుకుని చూడ్డానికి వెళ్ళకండి, ఆదివారం హైదరాబాద్ అంతా బాగానే ఉంటుంది. మామూలు రోజు పొద్దున ఏడింటికి ఆ వీధి చివర టీ కొట్టు దగ్గర నిలబడండి. పసుపు బస్సులు ఏ స్కూళ్ళవి వస్తున్నాయో, పిల్లల్ని రోడ్డు దాటించేది ఎవరో, ఫుట్‌పాత్ అనేది ఉందో లేదో అన్నీ కనిపిస్తాయి. బస్సాగినప్పుడు ఆయమ్మ కిందికి దిగి పిల్లల్ని చెయ్యి పట్టి ఎక్కిస్తోందా, లేక మెట్ల మీంచే "రండి రండి" అని కేకేస్తోందా చూడండి, స్కూల్ గురించి బ్రోషర్ చెప్పని సంగతి అక్కడే తెలిసిపోతుంది. మీ స్టాప్ రూట్‌లో మొదటిదా చివరిదా అని కూడా అడగండి, అదే స్కూల్, అదే దూరం, కానీ మొదటి స్టాప్ పిల్లలు గంట ముందు లేవాలి.

తర్వాత ఇస్త్రీ బండి అతన్ని పలకరించండి. బ్రోకర్ చెప్పనివన్నీ ఇతను చెప్తాడు, ఏ ఫ్లాట్ ఎందుకు ఖాళీ అయింది, ఎండాకాలం రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తాయి, ఏ ఓనర్ అడ్వాన్స్ తిరిగివ్వడానికి సతాయిస్తాడు, అన్నీ. నీళ్ళ సంగతి మాత్రం మొహమాటపడకుండా అడగండి, వాటర్ బోర్డు కనెక్షన్ ఉందా బోరేనా, ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్స్‌లోనే కలిసిందా విడిగా పంచుతారా. వెస్ట్ వైపు కొన్ని అపార్ట్‌మెంట్లలో ఏప్రిల్, మే ట్యాంకర్ బిల్లు చూస్తే ఇంకో చిన్న అద్దెలా ఉంటుంది.

వాన సంగతి కూడా అంతే. 2016లో నిజాంపేట బండారి లేఅవుట్, 2020 అక్టోబర్‌లో టోలిచౌకి నదీమ్ కాలనీ ఎలా మునిగాయో గుర్తున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు సెల్లార్‌లోకి దిగి గోడలు చూడండి, ఒకచోట నేను మోకాలెత్తున మట్టి చార చూశా, పైన కొత్త పెయింట్, చార మాత్రం మీటర్ బాక్స్ వెనకాల అలాగే ఉంది. వాచ్‌మన్‌ని అడిగితే "ఒక్కసారే వచ్చింది సార్" అన్నాడు, ఆ ఒక్కసారికి బైకులన్నీ తడిసే ఉంటాయి కదా. దగ్గర్లో చెరువుంటే వ్యూ బాగుందని మురిసిపోకుండా దాని ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు వచ్చే హద్దు), బఫర్ (దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా) గీత ఎక్కడిదాకా ఉందో సిటీ ప్లానింగ్ చూసే హెచ్‌ఎండీఏ మ్యాపుల్లో చూడండి, చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా 2024లో వచ్చిన తర్వాత ఇది ఓనర్ల తలనొప్పి మాత్రమే కాదు, అద్దెకున్నవాళ్ళు కూడా ఉన్నపళంగా సామాన్లు సర్దుకోవాల్సి వచ్చింది కొన్నిచోట్ల.

స్కూల్ టూర్ అంటే పెళ్ళిచూపులే, ఆ రోజుకి అందరూ ముస్తాబై ఉంటారు. అందుకని గాజు గోడలు, ఏసీ బస్సు చూసి పడిపోకుండా కొన్ని సూటిగా అడగండి. సీబీఎస్‌ఈ అన్నారంటే అఫిలియేషన్ నంబర్ తీసుకుని బోర్డు సైట్‌లో మీరే చూస్కోండి, "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అంటే పెద్ద క్లాసుల పిల్లల్ని అసలు వెయ్యకండి. మీ పిల్ల క్లాస్‌లో ఎన్ని సెక్షన్లు, సెక్షన్‌కి ఎంతమంది, టీచర్లు ఎన్నేళ్ళుగా ఉంటున్నారు, ఆరో క్లాస్ నుంచి ఐఐటీ ఫౌండేషన్ తప్పనిసరా ఇష్టమైతేనా. ఫీజు మొత్తం కాగితం మీద రాయించుకోండి, అడ్మిషన్ ఫీజు వెనక్కిస్తారా, పోయినేడాది ఎంత పెంచారు, బస్సు, పుస్తకాలు, యూనిఫామ్ అందులోనేనా. సాయంత్రం స్కూల్ వదిలే టైమ్‌కి గేటు దగ్గర నిలబడి ఇద్దరు అమ్మల్ని కదిపితే ఇవన్నీ ఇంకా వివరంగా, కాస్త ఘాటుగా చెప్తారు.

టైమింగ్ ఒకటి గుర్తుపెట్టుకోండి. సీబీఎస్‌ఈ స్కూళ్ళు చాలావరకు మార్చి చివరో ఏప్రిల్‌లోనో మొదలైపోతాయి, స్టేట్ సిలబస్ జూన్‌లో. పేరున్న చోట్ల సీట్లు జనవరి, ఫిబ్రవరికే అయిపోతాయి కాబట్టి ట్రాన్స్‌ఫర్ లెటర్ చేతికొచ్చేదాకా ఆగకుండా మాట వినిపించగానే ఎంక్వైరీ మొదలెట్టండి. సీటు ఖాయమయ్యాకే ఇంటికి అడ్వాన్స్ ఇవ్వండి, అగ్రిమెంట్ ఎలాగూ 11 నెలలకే రాస్తారు కాబట్టి అది పరీక్షల మధ్యలో కాకుండా ఎండాకాలం సెలవుల్లో ముగిసేలా తేదీ వేయించుకోండి, ఓనర్లు దీనికి పెద్దగా పేచీ పెట్టరు.