ఆయుధపూజకు పాత డబుల్ బ్యారెల్ తుపాకీ బయటికి తీసే ముందు

దసరా దగ్గరపడుతోంది. పాత కుటుంబాల్లో కొందరు ఇప్పటికీ తాతల నాటి తుపాకీని బీరువాలోంచి తీసి, తుడిచి, బొట్టు పెట్టి పూజలో ఉంచుతారు. మా ఇంట్లోనూ అదే అలవాటు. నా చిన్నప్పుడు ఒక దసరాకి పిల్లలం, పెద్దలం ఆ తుపాకీని గంటసేపు చేతులు మార్చుకుంటూ చూశాం. "ఖాళీదేరా, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టలేదు" అన్నారు. చివర్లో నాన్నగారు తెరిచి చూస్తే ఎడమ గొట్టంలో తూటా ఉంది. ఆయన మొహంలో రంగు పోవడం నాకింకా గుర్తుంది. ఇది రాయడానికి కారణం అదే.

ముందు లైసెన్సు సంగతి. లైసెన్సుదారు పోయాక తుపాకీ దానంతట అది వారసుడిది అయిపోదు. ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్లోగానీ, లైసెన్సున్న డీలరు దగ్గరగానీ డిపాజిట్ చేసి, వారసుడి పేరున దరఖాస్తు పెట్టుకోవాలి. "పాతది కదా, పురాతన వస్తువే" అనుకుంటారు చాలామంది. 1959 ఆయుధాల చట్టం మినహాయింపు ఇచ్చేది, మరమ్మతు చేసినా పేలని వాటికే. పేలే స్థితిలో ఉంటే నూరేళ్లదైనా లైసెన్సు కావాల్సిందే. అలాంటిది అటక మీద దొరికితే ముట్టుకోకుండా స్టేషన్‌కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు చేయండి.

ఇక తెరవడం. మూతి ఎప్పుడూ మనిషి లేని దిక్కుకే. వేలు ట్రిగ్గర్ల దగ్గరికి పోకూడదు. బయటికి హ్యామర్లు (తూటాను పేల్చే సుత్తులు) ఉన్న తుపాకీ అయితే అవి ఎక్కి ఉన్నాయేమో ముందు చూడండి. పై మీట పక్కకి తోసి గొట్టాలు వంచి, తూటాలు కూర్చునే రెండు గదులూ కళ్లతో చూడండి, వేలితో తడిమి చూడండి. హ్యామర్లు బయటికి కనిపించనివి చాలావరకు తెరవగానే లోపల వాటంతట అవే ఎక్కుతాయి. సేఫ్టీ మీట చాలా తుపాకుల్లో ట్రిగ్గర్లనే ఆపుతుంది తప్ప లోపలి హ్యామర్లను కాదు, కింద పడితే పేలవచ్చు. దాన్ని నమ్ముకుని ఎవరి చేతికీ ఇవ్వకండి. ఇచ్చేటప్పుడు తెరిచే ఇవ్వాలి.

మన తుపాకీ ఏ కాలంది? గొట్టాల మధ్య పట్టీ మీద ఉన్న పేరు చూసి నిర్ణయించకండి. అది కలకత్తాలోనో మద్రాసులోనో అమ్మిన కొట్టు పేరు కావచ్చు. అసలు జాతకం గొట్టాల అడుగున ఉంటుంది. కింది చెక్క ఊడదీసి, గొట్టాలు విడదీస్తే చిన్న చిన్న ముద్రలు కనిపిస్తాయి. కిరీటం కింద అక్షరాలుంటే సాధారణంగా గొట్టాల బలం పరీక్షించే లండన్ లేదా బర్మింగ్‌హామ్ పరీక్షశాలవి. కోడిగుడ్డు ఆకారంలో ఈ, ఎల్, జీ అక్షరాలుంటే బెల్జియంలోని లియేజ్‌ది. "నాట్ ఫర్ బాల్" (గుండు వేయొద్దని) ఉంటే 1875కీ 1887కీ మధ్య బ్రిటన్‌లో పరీక్షించింది. "నైట్రో ప్రూఫ్" అన్న మాట గానీ, ముద్రలో ఎన్, పీ అక్షరాలు గానీ ఉంటేనే ఇప్పటి పొగరాని తుపాకీమందుకు పరీక్ష జరిగినట్టు. అవి లేని బ్రిటిష్ తుపాకీ అయితే పొగ వచ్చే పాత నల్ల తుపాకీమందు కాలందే అనుకోండి. గొట్టం మీద మెలికల చారలుంటే డమాస్కస్ గొట్టం. ఇనుము, ఉక్కు పట్టీలను కలిపి మెలితిప్పి, చుట్టి, అతికించి చేసేవారు. ఎంత అందంగా ఉంటాయో! కానీ ఆ అతుకుల సందుల్లో నూరేళ్ల తుప్పు ఎంత లోపలికి తిన్నదో బయటికి కనిపించదు. ఈ రకం పూజలో ఉంటే చాలు, ఇప్పటి తూటాతో పేల్చకూడదు.

నైట్రో ముద్ర ఉన్నా ఇంకో మెలిక ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. పాత ఇంగ్లిష్ 12 బోర్ (బోర్ అంటే గొట్టం లావు కొలత) తుపాకుల్లో గది పొడవు ఎక్కువగా రెండున్నర అంగుళాలు, అంటే సుమారు 65 మిల్లీమీటర్లు. నేడు ఎక్కువగా దొరికేది 70 మిల్లీమీటర్ల తూటా. పేలకముందు ఆ పొట్టి గదిలో హాయిగా కూర్చుంటుంది, తుపాకీ కూడా మూసుకుంటుంది. ఎందుకంటే తూటా మీద రాసే పొడవు, పేలాక దాని ముందు అంచు మడత విచ్చుకున్నప్పటిది. ఆ విచ్చుకున్న అంచు గొట్టం సన్నబడే చోట ఇరుక్కుని దారి తగ్గిస్తుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. గది పొడవు గేజీతో గన్‌స్మిత్ (తుపాకీలు బాగుచేసే నిపుణుడు) చేత కొలిపించండి. స్కేలు పెట్టి అంచనా వేయొద్దు.

అంతకంటే భయంకరమైనది 12 బోర్ తుపాకీలో 20 బోర్ తూటా పడటం. 20 బోర్ తూటా 12 కంటే సన్నది కాబట్టి గది దాటి లోపలికి జారి ఇరుక్కుంటుంది. ఖాళీ అనుకుని వెనక 12 బోర్ తూటా పెట్టి నొక్కితే గొట్టం మన చేతిలోనే పగులుతుంది. రెండు రకాల తూటాలు ఒకే సంచిలో ఎప్పుడూ ఉంచకండి.

గొట్టాలు విడదీసి వెలుతురుకేసి వెనక నుంచి చూడండి. కందిరీగ మట్టి గూడు, మరిచిపోయిన నూనె గుడ్డ, సొట్ట, గుంతల తుప్పు, లోపల ఉంగరంలా నీడ (అది ఉబ్బు) ఏది కనిపించినా పక్కన పెట్టేయండి. గొట్టాలను దారంతో వేలాడదీసి గోటితో కొడితే గంటలా మోగాలి. మొద్దుగా వినిపిస్తే అతుకు వదిలిందని అనుమానించాలి. మోగినంత మాత్రాన మంచిదని కాదు, గోడ మందం కొలవాల్సింది గన్‌స్మితే.

ఆయన సరే అన్నాక, లైసెన్సున్న రేంజిలో పేల్చేవాళ్లకు రెండు మాటలు. కంటికి, చెవికి రక్షణ పెట్టుకోండి. ట్రిగ్గర్ నొక్కితే పేలకపోతే మూతి అటే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి. చప్పుడు బలహీనంగా వస్తే ఆపి, రెండూ ఖాళీ చేసి, గొట్టంలో ఏమైనా ఇరుక్కుందేమో చూడండి. ఒక గొట్టం పేల్చాక రెండోది ఇంకా సిద్ధంగానే ఉందన్న సంగతి ఉత్సాహంలో మరిచిపోతారు.

పండగ సంబరానికి గాల్లోకి పేల్చడం వద్దే వద్దు. 2019 సవరణ ప్రకారం, నిర్లక్ష్యంగా అలా పేల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

పూజలో బొట్టు తుపాకీ చెక్క భాగం మీదే పెట్టండి. పసుపునీళ్లు గొట్టంలోకి, మీటల సందుల్లోకి పోతే తుప్పు పడుతుంది. అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, సన్నగా నూనె పట్టించి, తూటాలు వేరే తాళంలో, తుపాకీ వేరే తాళంలో పెట్టండి. పాత కాగితపు తూటాలు ఉబ్బినా, ఇత్తడికి పచ్చచిలుము పట్టినా వాడకండి. పొయ్యిలోనో బావిలోనో పడేయకుండా డీలరుకు అప్పగించండి.