పాత హోండా సిటీ వీటెక్‌కు ఎల్పీజీ కిట్ ఎలా పెట్టించాలి?

2003 వరకు మన దగ్గర అమ్మిన పాత హోండా సిటీ 1.5 వీటెక్ ఇంజిన్‌ది 106 హార్స్‌పవర్. వీటెక్ అంటే పై ఆర్పీఎమ్‌లో వాల్వులను ఎక్కువగా తెరిచే హోండా పద్ధతి. అంత మంచి ఇంజిన్‌ను గ్యాస్ మీద పాడుచేసుకుని నా దగ్గరికి తెచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. దాదాపు అన్నిట్లోనూ తప్పు ఒకే చోట కనిపించింది. కిట్ బిగించడం బాగానే ఉంటుంది, ట్యూనింగ్ మాత్రం ఐడిలింగ్ దగ్గరే ఆపేసి తాళాలు చేతికిచ్చేస్తారు.

ముందుగా గ్యాస్ సంగతి. ఇలాంటి కారుకు సీఎన్‌జీ వద్దు, ఆటో ఎల్పీజీయే పెట్టించాలి. సీఎన్‌జీని 200 బార్ ఒత్తిడిలో దాచాలి. అందుకు కావాల్సిన బరువైన ఉక్కు సిలిండర్ డిక్కీని ఆక్రమిస్తుంది, కారు వెనక భాగం కుంగుతుంది, పవర్‌లో పదో వంతు పోతుంది. ఎల్పీజీకి స్టెప్నీ గుంటలో ఇమిడే గుండ్రటి ట్యాంకు చాలు. లీటరు లెక్కన పెట్రోల్ కంటే పావు వంతు ఎక్కువ తాగుతుంది కానీ పికప్ పెద్దగా తగ్గదు. మీ దగ్గర్లో ఆటో ఎల్పీజీ బంకు లేకపోతే పెట్రోల్ మీదే నడుపుకోండి. ఇంటి సిలిండర్ నుంచి నింపడం నేరం, పైగా ప్రాణాంతకం. అలాంటి బండిని నేను షెడ్డులోకే రానివ్వను.

ఆమోదం ఉన్న కిట్ తీసుకోండి, గుర్తింపు ఉన్న వర్క్‌షాప్‌లో బిగించి బిల్లు తీసుకోండి. ఆర్సీలో ఇంధనం మార్పు రాయించి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి. ఇవన్నీ అయ్యాకే బండి రోడ్డెక్కాలి.

కిట్ కొనేముందే కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి, చూపించండి. పెట్రోల్ మీద సరిగ్గా నడవని ఇంజిన్ గ్యాస్ మీద అసలు నడవదు. కొత్త ప్లగ్గులు వేసి గ్యాప్ 0.8 మిల్లీమీటర్లు పెట్టండి. ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండే సందు, సెట్ చేసేటప్పుడు ఎగ్జాస్ట్ వైపు గ్యాప్‌ను మాన్యువల్ చెప్పిన పరిధిలో పై అంచుకు ఉంచండి. గ్యాస్ మీద ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు అరిగేకొద్దీ ఆ గ్యాప్ మూసుకుపోతుంది. ట్యాపెట్ శబ్దం తగ్గింది కదా అని చాలామంది సంతోషిస్తారు. ఆ నిశ్శబ్దమే ప్రమాదానికి గుర్తు.

కిట్ సీక్వెన్షియల్‌దే, అంటే ఒక్కో సిలిండర్‌కు విడిగా గ్యాస్ ఇంజెక్టర్ ఉన్నదే కావాలి. చవక అని ఇప్పటికీ కొందరు గాలి దారిలోనే గ్యాస్ కలిపే మిక్సర్ కిట్ పెడుతున్నారు. అందులో గ్యాస్, గాలి కలిసి మేనిఫోల్డ్ (ఇంజిన్‌కు గాలి తెచ్చే గొట్టాలు) నిండా ఉంటాయి కాబట్టి ఒక్క బ్యాక్‌ఫైర్ వచ్చినా ఎయిర్ ఫిల్టర్ బాక్స్ పగిలిపోతుంది. పైగా ఆ మిక్సర్ గొంతు గాలికి అడ్డుపడి పై ఆర్పీఎమ్‌లో ఇంజిన్‌ను ఊపిరాడనివ్వదు. వీటెక్ కొన్నదే ఆ పై ఆర్పీఎమ్ కోసం కదా!

బిగింపులో పెద్ద కష్టం లేదు. ట్యాంకు, పైపు, హీటర్ గొట్టాలకు కలిపిన రెడ్యూసర్ (గ్యాస్ ఒత్తిడి తగ్గించే భాగం), ఇంజెక్టర్ రైలు, వైరింగ్ ఉంటాయి. రెడ్యూసర్ 106 హార్స్‌పవర్ కంటే ఎక్కువకు రేట్ చేసినది కావాలి. గ్యాస్ చిమ్మే నాజిళ్లకు రంధ్రాలు వేసేటప్పుడు మేనిఫోల్డ్ విప్పి పక్కన పెట్టుకోవాలి. బండి మీదే డ్రిల్ చేస్తే లోహపు పొట్టు సిలిండర్‌లో పడుతుంది. ఇంజెక్టర్ల నుంచి నాజిళ్లకు వెళ్లే నాలుగు గొట్టాలూ ఒకే పొడవులో, వీలైనంత పొట్టిగా ఉండాలి.

ఇక ట్యూనింగ్. దీనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి.

కిట్ సాఫ్ట్‌వేర్‌లో ఆటో క్యాలిబ్రేషన్ అని ఒక బటన్ ఉంటుంది. అది నిలబడి ఉన్న బండికి మాత్రమే లెక్క వేస్తుంది. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగేంత వేడెక్కించి, ఖాళీ రోడ్డు మీద పెట్రోల్‌తో మూడో గేరులో నిలకడగా నడపండి. పక్కన ల్యాప్‌టాప్‌తో ఇంకొకరు కూర్చోవాలి. ఏ ఆర్పీఎమ్ దగ్గర, ఎంత లోడు మీద పెట్రోల్ ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకుందో రాసుకోండి. తర్వాత గ్యాస్‌కు మార్చి అదే దారిలో, అదే వేగంతో మళ్లీ చూడండి. గ్యాస్ మీద పెట్రోల్ ఇంజెక్టర్లు మూసే ఉన్నా, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) వాటికి లెక్కవేసే టైమ్ ల్యాప్‌టాప్‌లో కనిపిస్తుంది. రెండుసార్లూ ఆ టైమ్ ఒకేలా ఉండాలి. గ్యాస్ మీద ఆ టైమ్ పెరిగితే గ్యాస్ చాలడం లేదని అర్థం, మ్యాప్‌లో (ఎక్కడ ఎంత గ్యాస్ వెళ్లాలో చెప్పే పట్టిక) అక్కడ పెంచండి. తగ్గితే గ్యాస్ ఎక్కువవుతోంది, తగ్గించండి.

ఈ పద్ధతి మామూలు వేగాల్లో పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ తనను తాను దిద్దుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఈసీయూ ఆ సెన్సర్ మాట వినదు. మ్యాప్‌లో తప్పుంటే ఆ తప్పు నేరుగా సిలిండర్‌లోకి వెళ్తుంది. గ్యాస్ తక్కువైతే మంట నెమ్మదిగా, ఆలస్యంగా మండి ఎగ్జాస్ట్ వాల్వ్‌ను కాల్చేస్తుంది. డ్రైవర్‌కు ఏమీ తెలియదు, నాకింగ్ కూడా వినిపించదు. ఒకాయన కారు కిట్ వేసిన 8,000 కిలోమీటర్లకే మూడో సిలిండర్ వాల్వ్ కాలిపోయి వచ్చింది. ఐడిలింగ్‌లో మాత్రం గడియారంలా తిరిగేది.

అందుకే ఫుల్ థ్రాటిల్‌కు సైలెన్సర్ పైపులో వైడ్‌బ్యాండ్ సెన్సర్ (గాలి, ఇంధనం పాళ్లను కచ్చితంగా చూపే సెన్సర్) పెట్టి కొలవాలి. ఆ పాళ్ల కొలత అయిన లామ్డా (1 అంటే సరిపాళ్లు, 1 కంటే తగ్గితే ఇంధనం ఎక్కువ) 0.88 నుంచి 0.90 మధ్య ఉండాలి. వీటెక్ క్యామ్ మారే చోట ఇంజిన్ ఒక్కసారిగా ఎక్కువ గాలి పీలుస్తుంది, అక్కడ ప్రత్యేకంగా చూడండి. రెడ్యూసర్ ఒత్తిడి 0.2 బార్ కంటే ఎక్కువ పడిపోతే మ్యాప్ దిద్దినా లాభం లేదు. రెడ్యూసర్ లేదా గ్యాస్ పైపు చిన్నదన్నమాట. ఇంకో లెక్క కూడా ఉంది. 6,500 ఆర్పీఎమ్ దగ్గర రెండు చుట్లకు పట్టేది దాదాపు 18.5 మిల్లీసెకన్లే. గ్యాస్ ఇంజెక్టర్ టైమ్ దానికి చేరువైతే ఇంజెక్టర్ మూసుకోవడానికి వ్యవధే ఉండదు. అప్పుడు పెద్ద నాజిల్ వేసి మ్యాప్ మొదటి నుంచి చేయాలి. మధ్యలో అతుకులు వేయకండి.

మొదటి 1,000 కిలోమీటర్లకు ప్రతి జాయింటుకూ సబ్బునీళ్లు రాసి చూడండి. ఎల్పీజీ గాలి కంటే బరువైనది, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. వాసన వచ్చిన రోజు బండిని సెల్లార్‌లో పెట్టకండి. ట్యాపెట్లు 10,000కి ఒకసారి, ఆ తర్వాత ప్రతి 20,000కీ చూపించండి. పెట్రోల్ ట్యాంకు పావు వంతుకు తగ్గనివ్వకండి. బండి చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ మీదే స్టార్ట్ అవుతుంది, లోపలి పంపు చల్లబడేది కూడా ఆ పెట్రోల్‌తోనే.